చిటికెనవేలంత కాలువ

విధికుడికి ఒక పని అప్పజెప్పారు. చేస్తే ఒక పాపం, చెయ్యకపోతే ఇంకో పాపం. మూడు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు.

అంత ఘోరమైన పనేమిటంటారా? కాలువలో పాచి గీకడం!

నవ్వకండి. ముందు ఆ కాలువ సంగతి వినండి.

చలిమలకొండ మీద ఒక బౌద్ధ విహారం ఉండేది. కొండ నెత్తిన బండ పగులులోంచి ఒక ఊట. ఆ నీళ్ళు కిందికి దిగడానికి ఎవరో ఓపికమంతుడు ఏనాడో ఉలితో బండలోనే కాలువ తొలిచాడు. లోతు జానెడు. వెడల్పు మాత్రం చిటికెనవేలు పడుతుంది, బొటనవేలు పట్టదు. అంత సన్నటి కాలువ వంకరలు తిరుగుతూ నూరడుగులు దిగి, రోగుల గది ముందున్న రాతి తొట్టిలో పడుతుంది. తొట్టికి కాస్త పైన ఒక గట్టి వంపు ఉంది. నీళ్ళు అక్కడికి విసురుగా వచ్చి, వంపు తిరగలేక, అంచుకు కొట్టుకుని సగం బయటికి చిందిపోయేవి. ఆ పక్క బండ ఏడాది పొడుగునా తడే. తొట్టిలో పడేది మిగతా సగం.

వానాకాలపు వాసం ముగిసి భిక్షువులందరూ తలో ఊరికీ వెళ్ళిపోయారు. కొండమీద మిగిలింది ముగ్గురు. గురువు నందిల థేరుడు. మంచాన పడ్డ ముసలి భిక్షువు బోధికుడు. ఆయనకు సేవ చెయ్యడానికి విధికుడు.

బోధికుడికి పది రోజులుగా జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. గుటక గుటకగా రోజంతా నీళ్ళు పడుతూనే ఉండాలని వైద్యుడు చెప్పి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ నీళ్ళ పని చూసిన భిక్షువు వెళ్తూ వెళ్తూ విధికుడి చేతిలో ఒక ఈతమట్ట కుచ్చు పెట్టాడు.

"తొమ్మిది రోజులకోసారి గీకెయ్. లేకపోతే పాచి పట్టి పూడుకుపోతుంది."

విధికుడు కాలువ దగ్గర వంగి చూశాడు. గోడలకు తేనెరంగు జిగురు పాచి. వంపుల దగ్గర అది సన్నటి పోగులుగా సాగి నీళ్ళలో ఊగుతోంది. కుచ్చు పట్టుకున్న చెయ్యి ముందుకు సాగలేదు.

అతనికి ఎందుకంత బెంగో చెప్పాలి. విధికుడి తండ్రి తోళ్ళ పని చేసేవాడు. ఇంటి వెనకాల పచ్చితోళ్ళని గట్టిపడేదాకా ఊనబెట్టే లంద తొట్టి, తంగేడు చెక్క వాసన, ఈగలు. చచ్చిన పశువు చర్మం మీద చెయ్యి వేసినప్పుడల్లా విధికుడికి కడుపులో దేవేది. ఒకరోజు తండ్రి పిలుస్తున్నా వెనక్కి తిరక్కుండా కొండెక్కేశాడు. భిక్షువుగా చీవరం కప్పుకున్న రోజున, ఈ చేతులతో ఇక దోమని కూడా చంపనని ఒట్టు పెట్టుకున్నాడు. భిక్షువులందరూ నీళ్ళు వడకట్టే తాగుతారు, పురుగూ పుట్రా గొంతులోకి పోకుండా. తాగాక ఆ వడగుడ్డను ఏ నీళ్ళు వడకట్టారో ఆ నీళ్ళలోనే తిరగేసి జాడిస్తారు, అందులో చిక్కినవి బతకాలని. అందరి వడగుడ్డా ఒక మడత. విధికుడిది రెండు మడతలు. అది కాస్త గర్వమే, కాదనను.

మూడో రోజున గురువు దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, పాచికి ప్రాణం ఉందా?"

థేరుడు చీవరానికి మాసిక వేసుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"పెరుగుతోందిగా."

"అయితే గీకితే చంపినట్టే కదా?"

"బోధికుడికి నీళ్ళు అందుతున్నాయా?"

"అందుతున్నాయి భంతే."

"సరే మరి." థేరుడు మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

గీకమన్నాడా? వద్దన్నాడా? విధికుడు తనకు నచ్చిన అర్థం తీసుకున్నాడు. కుచ్చును మేకుకి తగిలించేశాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. మర్నాడు కాలువ వెంట నడుస్తుంటే నిటారుగా దిగేచోట నీళ్ళు విసురుగా పోతున్నాయి. పాచి పోగులు ఆ విసురుకి కొట్టుకుంటున్నాయి. విధికుడి ప్రాణం ఉసూరుమంది. 'పాపం, వీటికి క్షణం తెరిపి లేదు' అనుకున్నాడు. ఊటకి పది బారల కింద ఒక పలకరాయి అడ్డంగా దూర్చాడు. నీళ్ళలో ముప్పాతిక మువ్వీసం పక్కకు పొర్లి లోయలోకి పోయాయి. మిగిలినవి మెల్లగా, బిడ్డ తల నిమిరినట్టు కాలువలోకి దిగాయి.

"ఇక హాయిగా ఉండండి" అన్నాడు విధికుడు. నిజంగానే పైకి అన్నాడు.

హాయిగానే ఉంది పాచి. రెండు రోజుల్లో గోడల మీద ఉబ్బింది. నాలుగో రోజుకి చల్లారిన గంజి మీద తెట్టులా మందంగా, మెత్తగా, బుస్సుమని పొంగింది. విధికుడు పూటకోసారి వెళ్ళి చూసుకుని మురిసిపోయేవాడు.

మంచంలోంచి బోధికుడు చూస్తూ ఉండేవాడు. భిక్షువు కాకముందు ఆయన కుండలు చేసేవాడు. ఒంట్లో ఓపిక లేదు గానీ నోట్లో ఓపికకేం తక్కువ లేదు.

"ఏరా అబ్బీ, పాడిగేదెని మేపినట్టు మేపుతున్నావు పాచిని. ఎప్పుడు ఈనుతుందేమిటి?"

"ప్రాణులు పెద్దాయనా. నవ్వకండి."

"నవ్వడం లేదురా. దాహమేస్తోంది. ధార సన్నబడిందేం?"

విధికుడు కొండ నెత్తికి ఎక్కి, ఊట దగ్గర కడవ పట్టి, భుజాన మోసుకొచ్చి తాగించాడు. నున్నటి బండల మీద ఆ దారి ఎంత ప్రమాదమో ఎక్కినవాడికే తెలుసు. కాలు జారితే లోయే. 'నేను కష్టపడితే ఏం, అవి సుఖంగా ఉన్నాయి' అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున తొట్టిలో చుక్క పడలేదు.

బోధికుడికి జ్వరం ఎక్కువై మాట తడబడుతోంది. పెదాలు పిడచకట్టుకుపోయాయి. విధికుడు ఒక్క పరుగున పైకి ఎక్కి ఆ పలకరాయిని లాగి పారేశాడు.

ఊట మొత్తం ఒక్కసారిగా కాలువలోకి దూకింది.

మెత్తగా పెరిగిన పాచి ఆ దెబ్బకి ఎక్కడ నిలుస్తుంది? ముద్దలు ముద్దలుగా ఊడిపోయింది. కొన్ని ముద్దలు అంచులు దాటి బండల మీద పడ్డాయి. కొన్ని కొట్టుకుపోయి తొట్టిలో పడి నీళ్ళని కంపు చేశాయి. మిగిలినవన్నీ పోయి చివరి వంపులో బిగుసుకుని కాలువని బిరడా వేసినట్టు మూసేశాయి.

ఎండెక్కింది. బండల మీద పడ్డ పాచి చూస్తుండగానే ఎండి పెళుసుబారింది. విధికుడు మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని రెండు చేతులా ఎత్తి మళ్ళీ కాలువలో పెట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళ మధ్యనుంచి పొడి రాలిపోయింది. అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

తొట్టి కడిగి, మరో కడవ మోసుకొచ్చి బోధికుడికి తాగించాడు. ఆ తర్వాత తన పైచీవరాన్ని మడతపెట్టి తీసుకెళ్ళి థేరుడి ముందు పెట్టాడు.

"వెళ్ళిపోతాను భంతే."

"ఎక్కడికి?"

"మా నాన్న దగ్గరికి. లంద దగ్గరికే. ఆయన చచ్చినదాని తోలు ఒలిచేవాడు. నేను బతికున్నవాటిని చంపాను. గీకితే తొమ్మిది రోజులకి ఒకసారి చచ్చేవి. ముద్దు చేసి కొండంతా చంపాను. ఈ చీవరం నాకు తగదు."

థేరుడు చీవరాన్ని తాకలేదు. లేచి చేతికర్ర అందుకున్నాడు.

"పోయేవాడివి పోదువుగానిలే. నాతో ఒకసారి పైకి రా."

డెబ్భై ఏళ్ళ మనిషి. మధ్యలో రెండుసార్లు ఆయాసంతో కూర్చున్నాడు. పలకరాయి పెట్టిన చోటు దాటి ఇంకా పైకి వెళ్ళి ఆగాడు. అక్కడ కాలువ నిటారుగా ఉంటుంది. రాయికి పైన కాబట్టి ఈ తొమ్మిది రోజులూ అక్కడ నీళ్ళ విసురు తగ్గలేదు. పాచి ఉంది గానీ ఉల్లిపొరంత పలచన. బండ రంగు కనబడుతోంది దాని కిందనుంచి.

"గోటితో గీకు" అన్నాడు థేరుడు.

విధికుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "భంతే! చంపమంటున్నారా?"

"పోయేవాడివేగా. నీకేం పట్టింపు? గీకు."

విధికుడు వేలు కాలువలోకి దించాడు. కళ్ళు మూసుకున్నాడు. గీకాడు.

రాలేదు.

ఇంకాస్త గట్టిగా గీకాడు. గోరు జారలేదు, పాచి లేవలేదు. విధికుడు కళ్ళు తెరిచాడు. అతని గోటికి ఆ పట్టు తెలుసు. పాతికేళ్ళు వచ్చినా మరిచిపోలేదు.

"తోలు" అన్నాడు.

"ఊఁ?"

"ఊనిన తోలు భంతే. మా నాన్న లందలోంచి తీసి గోటితో గీకి చూసేవాడు. గోటికి ఊడొస్తే పచ్చిది. నిలబడితే ఊనినట్టు. ఇది బాగా ఊనింది." నాన్న చెయ్యి, ఆ ముదురు ఎరుపు గోళ్ళు, ఆ తంగేడు వాసన, అన్నీ ఒక్కసారి ముంచుకొచ్చాయి. అన్నేళ్ళలో మొదటిసారి ఆ వాసనకి అతనికి దేవలేదు. నాన్నని చూడాలనిపించింది.

"దీన్ని ఊనబెట్టిందెవరు?" అని అడిగాడు థేరుడు.

విధికుడు పక్కా పైనా చూశాడు. ఎవరున్నారు అక్కడ? వేలి మీదుగా చల్లగా, విసురుగా నీళ్ళు పోతున్నాయి. అంతే ఉంది. చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు కూర్చుండిపోయాడు.

"కింద నేను పెంచిందంతా పచ్చితోలే" అన్నాడు చివరికి.

థేరుడు నిమ్మకు నీరెత్తినట్టు కర్ర పుచ్చుకుని కిందికి దిగడం మొదలుపెట్టాడు. చివరి వంపు దగ్గర ఆగి, "ఇక్కడ కూర్చో. దేన్నీ కదపకు. నీళ్ళ పని రేపు పొద్దుటిదాకా నీదే" అన్నాడు. తనూ పక్కనే ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు.

వంపులో పాచి బిరడా అలాగే బిగుసుకుని ఉంది. దాని వెనక నీళ్ళు మెల్లగా పైకి లేస్తున్నాయి. నాలుగు వేళ్ళు. ఆరు వేళ్ళు. జానెడు లోతూ నిండి అంచు తాకాయి.

"పొర్లిపోతాయి భంతే."

"చూడు."

బిరడా కాస్త వణికింది. దాని ఒంట్లోంచి, గడ్డిపరక దూరేంత సందు ఒకటి తెరుచుకుంది. సర్రున నీళ్ళు దాంట్లోంచి దూకాయి. వెనక మట్టం దిగింది. దిగగానే పాచి మళ్ళీ ఉబ్బి ఆ సందు మూసుకుంది.

"మూసింది!" అన్నాడు విధికుడు.

"ఊఁ."

నీళ్ళు మళ్ళీ లేచాయి. అంచు తాకాయి. బిరడా వణికింది. సందు తెరుచుకుంది.

"తెరిచింది భంతే! అక్కడే, ఇందాకటి చోటే!"

"ఊఁ."

మూసింది. నిండింది. తెరిచింది. విధికుడు ఊపిరులు లెక్కపెడుతూ చూస్తున్నాడు. ఎండ మీద పడుతోంది, తెలియలేదు. పొద్దున్నుంచి తినలేదు, గుర్తు రాలేదు. మొదట్లో ఇరవై ఊపిరులకు ఒకసారి తెరుచుకునేది. కాసేపటికి పదిహేనుకి. సందు తెరుచుకున్న ప్రతిసారీ మెత్తని ముక్క ఏదో ఊడిపోతోంది. ఊడనిది మాత్రం సందు అంచుకి అతుక్కుని ముదురుతోంది. నీళ్ళు నెట్టే కొద్దీ అది గట్టిపడుతోంది. గట్టిపడే కొద్దీ నీళ్ళని తనకు కావలసిన వైపు తిప్పుతోంది.

కొండ ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది విధికుడికి. ఒళ్ళు జలదరించింది. ఎన్నేళ్ళుగా జరుగుతోందో ఇది! తొమ్మిది రోజులకోసారి కుచ్చు పట్టుకొచ్చి గీకేశారు గానీ, కూర్చుని చూసినవాళ్ళు ఎవరూ లేరు. తను చంపాననుకుని ఏడ్చాడు. ఇక్కడ ఎవరు ఎవరి చేతిలో ఉన్నారు? కంటికి ఆనని ప్రాణులు, నోరు లేనివి, కళ్ళు లేనివి, ఒక ఏరుకి దారి కడుతున్నాయి!

అప్రయత్నంగా రెండు చేతులూ జోడించాడు.

పొద్దు వాలే వేళకి సందు ఇక మూసుకోలేదు. నిలకడగా ఒక్క ధార తొట్టిలో పడడం మొదలైంది. విధికుడు పక్కకు తిరిగి చూశాడు. థేరుడు ఎప్పుడు లేచి వెళ్ళాడో తెలియదు.

విధికుడు పాత్ర నింపి, వడకట్టి, బోధికుడి తల ఒళ్ళో పెట్టుకుని గుటక గుటకగా తాగించాడు. ముసలాయన కళ్ళు తెరిచాడు.

"పోతానన్నావుట?"

"వడగుడ్డ జాడించాలి పెద్దాయనా."

"జాడించాక?"

"పొద్దుటికి మళ్ళీ మీకు దాహమేస్తుందిగా."

"వేస్తుందిరా, వేస్తుంది. నా దాహానికేం, దివ్యంగా ఉంది" అన్నాడు బోధికుడు. నవ్వబోయి దగ్గాడు. నుదుటి మీద చెమట పట్టింది. జ్వరం వచ్చాక అదే మొదటి చెమట. విధికుడు దాన్ని తుడవకుండా అలాగే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత కాలువ దగ్గరికి వెళ్ళి వడగుడ్డని తిరగేసి నీళ్ళలో జాడించాడు. ఈసారి ఎంతో నెమ్మదిగా జాడించాడు.

తెల్లవారాక థేరుడు చివరి వంపు దగ్గరికి వచ్చాడు. విధికుడు అప్పటికే అక్కడున్నాడు. థేరుడి చేతిలో నిన్నటి చీవరం, పెట్టిన మడత పెట్టినట్టే ఉంది.

"నీళ్ళ పని అయిపోయింది" అన్నాడు థేరుడు. "ఇక నీ ఇష్టం."

విధికుడు చేతులు జోడించాడు.

"భంతే, ఆ పాచికి నేనే దిక్కనుకున్నాను. రాయి అడ్డం పెట్టి కాపాడాననుకున్నాను. రాయి తీసి చంపాననుకున్నాను. దాని గురువు నేను కానే కాదు. నీళ్ళు."

థేరుడు తలూపాడు.

"మరి నీళ్ళకి గురువెవరు భంతే?"

థేరుడు కర్ర పక్కన పెట్టి, మెల్లగా వంగి, వంపు పక్కనున్న బండ మీద అరచెయ్యి ఆనించాడు. ఏడాది పొడుగునా నీళ్ళు చిందిపడే బండ అది. ఆయన వచ్చిన నలభై ఏళ్ళలో ఏనాడూ ఆరింది లేదు.

అరచెయ్యి ఎత్తి విధికుడికి చూపించాడు. పొడిగా ఉంది.

విధికుడు వంపులోకి చూశాడు. రాత్రి గడిచేసరికి పాచి అంచు చక్కగా నునుపుదేలి, విసురుగా వచ్చే నీళ్ళని లోపలికి తిప్పుతోంది. ఒక్క చుక్క బయట పడడం లేదు. మొత్తం ధారా తొట్టిలోకే.

తలెత్తేసరికి థేరుడు అతన్నే చూస్తున్నాడు. ఆ ముసలి కళ్ళల్లో తడి ఉంది. ఏ శిష్యుడికీ తన చేత్తో చీవరం కప్పే అలవాటు లేని మనిషి, మడత విప్పి విధికుడి భుజాల మీద కప్పాడు. అంచు జారకుండా సర్దాడు.

"ఈసారి మీ నాన్న ఊరివైపు భిక్షకు వెళ్తే, తంగేడు చెక్కలో తోలు ఎన్నాళ్ళు ఊరాలో అడిగి రా" అన్నాడు. "నాకు తెలియదు."